తెర మీదికి ఎప్పుడు రావాలి, ఎప్పుడు రాకూడదు

కంప్యూటర్ ఆన్ కాగానే తనంతట తాను మొదలై, తెర మీదికి రాకుండా వెనకాల పని చేసుకుపోయే ప్రోగ్రాములు ప్రతి ఆఫీసులోనూ ప్రతి షాపులోనూ ఉంటాయి. బిల్లులు ప్రింటరుకు పంపేది ఒకటి, లెక్కలు బ్యాకప్ తీసేది ఒకటి, కాటా నుంచి బరువు చదివేది ఇంకొకటి. అదే ప్రోగ్రాంను మనిషి ఐకాన్ మీద నొక్కి తెరిచాడంటే మాత్రం విండో ఎదురుగా వచ్చి నిలబడాలి. ప్రోగ్రాం ఒకటే, మొదలయ్యే సందర్భాలు రెండు. చూడటానికి ఒక్క లైను పనిలా ఉంటుంది. నా ఉద్యోగమంతా డెస్క్‌టాప్ ప్రోగ్రాములతోనే గడిచింది, మొదట డెల్ఫీలో, తర్వాత డాట్‌నెట్‌లో. ఆ ఒక్క లైను చుట్టూ ఎంత ఆలోచన కావాలో కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలకు తెలియాలని ఇది రాస్తున్నాను.

1. చూపించి దాచడం వేరు, అసలు చూపించకపోవడం వేరు.

కొత్తవాళ్లకు మొదట తట్టే ఉపాయం, ఫారం పుట్టే చోటే హైడ్ అని రాయడం. డెల్ఫీలో అయితే ఆన్‌క్రియేట్‌లో, విన్‌ఫారమ్స్‌లో అయితే లోడ్‌లో. అది పని చేయదు. ఫారంను కనిపించేలా చేసే ఆదేశం ఆ తర్వాత వేరేచోటి నుంచి వస్తుంది. మీరు ముందే దాచినా అది మళ్లీ చూపిస్తుంది. సరే, కనిపించే క్షణంలోనే దాచుదామని డెల్ఫీ ఆన్‌షో లోపల హైడ్ పిలిస్తే, ఇక్కడ విజిబుల్ మార్చడానికి వీల్లేదంటూ ఎక్సెప్షన్ వస్తుంది. విన్‌ఫారమ్స్‌లో షోన్ ఈవెంట్‌లో పిలిస్తే దాగుతుంది కానీ, అప్పటికే విండో ఒకసారి తళుక్కుమని మాయమవుతుంది.

ఆ తళుకును చిన్న విషయంగా తీసుకోకండి. విండో కనిపించిందంటే కీబోర్డు ఫోకస్‌ను కూడా తనవైపు లాక్కోవచ్చు. అదే సమయంలో పాస్‌వర్డ్ కొడుతున్న మనిషి నొక్కిన అక్షరాలు ఎటు పోయాయో అతనికి తెలియదు. పాస్‌వర్డ్ తప్పంటుంది, మళ్లీ కొడతాడు. ఆ ఇబ్బందికి కారణం మన ప్రోగ్రాం అని అతను ఊహించలేడు, మనకు వచ్చి చెప్పలేడు. చెప్పుకోలేని ఇబ్బంది పెట్టడం మరీ తప్పు.

ఇంకొన్ని ఉపాయాలు కూడా చూశాను. విండోను తెర అవతల ఎక్కడో పెట్టడం, ఒపాసిటీ సున్నా చేయడం, మినిమైజ్ చేసి టాస్క్‌బార్ నుంచి తీసేయడం. మూడింటిలోనూ విండో ఉన్నట్టే లెక్క. ఆల్ట్-టాబ్ నొక్కితే జాబితాలో ప్రత్యక్షమవుతుంది. చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కు అది మామూలు విండోనే. వాళ్లు అందులోకి వెళ్లి, ఎక్కడున్నామో తెలియక తికమకపడతారు. కంటికి కనిపించకపోవడం ఒక్కటే కొలతగా పెట్టుకుంటే, కళ్లతో పని చేయని వాళ్లను మనం లెక్కలోకి తీసుకోనట్టే.

2. చూపించేది ఎవరో ముందు కనిపెట్టండి.

విండోస్‌లో అట్టడుగున షోవిండో అనే ఫంక్షన్ ఉంది. సీ భాషలో రాసే రోజుల్లో దాన్ని మనమే పిలిచేవాళ్లం. ప్రోగ్రాం మొదలవగానే విన్‌మెయిన్ చేతికి విండోస్ ఒక సంఖ్య ఇచ్చేది: మామూలుగా చూపించాలా, మినిమైజ్ చేయాలా, తెరంతా పరవాలా అని. దాన్ని షోవిండోకు అందిస్తే విండో కనిపించేది. పిలవకపోతే లేదు. చూపించే లైను మన కళ్లముందే ఉండేది కాబట్టి దాని ముందు ఒక ఇఫ్ పెట్టడం ఎవరికైనా తోచేది. డెల్ఫీ లాంటి పనిముట్లు వచ్చాక ఆ లైను ఫ్రేమ్‌వర్క్ లోపలికి వెళ్లిపోయింది. మనం దాన్ని వెతకడం మానేశాం.

డెల్ఫీలో ప్రాజెక్టు ఫైలు తెరవండి. అందులో ఉండేది నాలుగైదు లైన్లే: ఇనిషియలైజ్, క్రియేట్‌ఫారం, చివర రన్. క్రియేట్‌ఫారంతో మొదట పుట్టిన ఫారమే మెయిన్ ఫారం అవుతుంది. దాన్ని చూపించేది రన్. అయితే చూపించే ముందు రన్ ఒక మాట అడుగుతుంది: అప్లికేషన్‌కు ఉన్న షోమెయిన్‌ఫారం అనే ప్రాపర్టీ ట్రూనా, ఫాల్సా? దాని మామూలు విలువ ట్రూ. రన్ కంటే ముందు దాన్ని ఫాల్స్ చేస్తే మెయిన్ ఫారం పుడుతుంది కానీ కనిపించదు. షరతు పెట్టాల్సిన చోటు అదే. కమాండ్ లైన్‌లో ఫలానా స్విచ్ ఉందా అని ఫైండ్‌సీఎండీలైన్‌స్విచ్‌ను అడిగి, ఉంటే ఫాల్స్ చేయాలి. తళుకు లేదు, ఉపాయాల అవసరం లేదు.

అయినా కనిపిస్తోందంటే ఆబ్జెక్ట్ ఇన్‌స్పెక్టర్‌లో ఆ ఫారం విజిబుల్ ప్రాపర్టీ చూడండి. ఎవరో దాన్ని ట్రూ చేసి ఉంటారు. అప్పుడు రన్ దాకా ఆగకుండా ఫారం పుడుతూనే తెర మీదికి వచ్చేస్తుంది. పాత డెల్ఫీలో ఇంకో చిక్కు ఉండేది. టాస్క్‌బార్‌లోని బటన్ మెయిన్ ఫారంది కాదు, కనిపించని అప్లికేషన్ విండోది. ఫారం దాగినా బటన్ మిగిలేది, దాన్ని విడిగా దాచాల్సి వచ్చేది. డెల్ఫీ 2007లో మెయిన్‌ఫారంఆన్‌టాస్క్‌బార్ వచ్చాక ఆ బాధ తీరింది. పాత ప్రాజెక్టులు చేతికి వస్తే ఆ లైను ఉందో లేదో చూసుకోండి.

విన్‌ఫారమ్స్‌లో చూపించేది అప్లికేషన్.రన్. దానికి ఫారం ఇస్తే చూపించి తీరుతుంది. ఫారం బదులు అప్లికేషన్‌కాంటెక్స్ట్ ఇస్తే మెసేజ్ లూప్ మాత్రమే నడుపుతుంది, విండో సంగతి మనకే వదిలేస్తుంది. డబ్ల్యూపీఎఫ్‌లో ఆ పని యాప్ ఫైలులోని స్టార్టప్‌యూఆర్ఐ చేస్తుంది. దాన్ని తీసేసి, ఆన్‌స్టార్టప్‌లో షరతు చూసి మనమే షో పిలవాలి. ఎలక్ట్రాన్‌లో విండో సృష్టించేటప్పుడే షో ఫాల్స్ అని చెప్పే వీలుంది. పేర్లు వేరైనా ప్రతి చోటా చూపించే లైను ఒకటుంటుంది. షరతు దాని ముందు పెట్టాలి, వెనక కాదు.

3. వీలైతే విండోను పుట్టించకండి.

రోజంతా ఎవరూ తెరవని విండో కోసం పొద్దున్నే గ్రిడ్లూ బొమ్మలూ ఫాంట్లూ లోడు చేయడం దండగ. అసలు పని, అంటే టైమరు, డేటాబేస్ కనెక్షను, ట్రే ఐకాను వేరే క్లాసులో ఉంచి, మనిషి అడిగినప్పుడు విండోను పుట్టిస్తే ప్రోగ్రాం తేలిగ్గా ఉంటుంది. డాట్‌నెట్‌లో అప్లికేషన్‌కాంటెక్స్ట్ సరిగ్గా ఇందుకే ఉంది. డెల్ఫీలో మాత్రం ఇది పూర్తిగా కుదరదు. మెయిన్ ఫారం లేకపోతే రన్ మెసేజ్ లూప్‌లోకి వెళ్లకుండానే తిరిగొచ్చేస్తుంది, ప్రోగ్రాం ముగుస్తుంది. అక్కడ మెయిన్ ఫారంను వీలైనంత చిన్నగా ఉంచి, బరువైన ఫారాలను తర్వాత పుట్టించడం మంచిది.

4. విండో కనిపించకపోతే ఏమేం జరగవో జాబితా రాసుకోండి.

ఇందులో ఎక్కువ బగ్గులు పుట్టేది ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఏళ్లుగా విండో చూపిస్తూ వచ్చిన ప్రోగ్రాంలో, ఎవరికీ తెలియకుండానే ఎన్నో పనులు ఆ కనిపించడం మీద ఆధారపడి ఉంటాయి. విన్‌ఫారమ్స్‌లో లోడ్ ఈవెంట్ ఫారం మొదటిసారి కనిపించబోయేటప్పుడే వస్తుంది. సెట్టింగులు చదవడం, కనెక్షన్ తెరవడం లోడ్‌లో రాసి ఉంటే, విండో దాచిన రోజున అవేవీ జరగవు. ప్రోగ్రాం టాస్క్ మేనేజర్‌లో నడుస్తున్నట్టే కనిపిస్తుంది, పని మాత్రం సాగదు. డబ్ల్యూపీఎఫ్‌లో లోడెడ్, డెల్ఫీలో ఆన్‌షో, ఆన్‌యాక్టివేట్, వీటన్నిటిదీ ఇదే కథ.

ఇంతకంటే లోతైనది హ్యాండిల్ సమస్య. తెర వెనక ప్రతి విండోకూ విండోస్ ఇచ్చే హ్యాండిల్ ఒకటుంటుంది. విన్‌ఫారమ్స్‌లో ఫారం ఆబ్జెక్టు తయారైనంత మాత్రాన హ్యాండిల్ పుట్టదు, అవసరం పడినప్పుడే, మామూలుగా మొదటిసారి చూపించేటప్పుడే పుడుతుంది. దాచిన ఫారంకు హ్యాండిల్ ఉండకపోవచ్చు. అప్పుడు వెనక థ్రెడ్ నుంచి ఇన్వోక్ పిలిస్తే హ్యాండిల్ ఇంకా పుట్టలేదంటూ ఎక్సెప్షన్ వస్తుంది. అది నయం, కనీసం అరుస్తుంది. జాగ్రత్తపరుడైన ప్రోగ్రామర్ ముందుగా ఇన్వోక్‌రిక్వయర్డ్ అడుగుతాడు చూడండి, అక్కడ ఉంది అసలు ప్రమాదం. హ్యాండిల్ లేని ఫారం ఆ ప్రశ్నకు ఫాల్స్ అని జవాబిస్తుంది. అంటే ఇదే సరైన థ్రెడ్ అన్న అర్థం ఇస్తుంది. కోడ్ అక్కడే, తప్పు థ్రెడ్‌లోనే నడిచిపోతుంది. హ్యాండిల్ కూడా ఆ తప్పు థ్రెడ్‌లోనే పుట్టవచ్చు. తర్వాత ఎప్పుడో, మనిషి విండో తెరిచినప్పుడు, అది బిగుసుకుపోతుంది. కారణం మాత్రం పొద్దున జరిగింది. ఇలాంటి దాన్ని పట్టుకోవడం చాలా కష్టం.

దీనికి తెలిసిన మందు ఒకటుంది. ఫారంలో సెట్‌విజిబుల్‌కోర్‌ను ఓవర్‌రైడ్ చేసి, చూపించే అనుమతి లేనప్పుడు విజిబుల్ విలువను ఫాల్స్ చేస్తూ, హ్యాండిల్ లేకపోతే క్రియేట్‌హ్యాండిల్ పిలవాలి. విండో దాగుతుంది, హ్యాండిల్ మాత్రం సరైన థ్రెడ్‌లో పుడుతుంది. కానీ లోడ్ ఈవెంట్ అప్పటికీ రాదు. అందుకే నేను అడిగేది, పనిని విండో ఈవెంట్ల నుంచి బయటికి తెచ్చేయమని. విండో ఉన్నా లేకున్నా నడవాల్సిన పని విండోలో ఉండకూడదు. పాత ప్రోగ్రాంను దాచమని ఎవరైనా అడిగితే నేను మొదట ఒప్పుకునేది ఈ సర్దుడు పనికే. దాచడం దాని తర్వాత.

5. ప్రోగ్రాం ఎప్పుడు ముగియాలో మీరే చెప్పాలి.

ఫ్రేమ్‌వర్కులన్నీ ఒక లెక్క పెట్టుకుని ఉంటాయి: విండోలు మూసుకుపోతే మనిషికి ఇక పని లేదు, ప్రోగ్రాం ముగించాలి. విండోనే లేని ప్రోగ్రాంకు ఆ లెక్క కుదరదు. క్యూటీలో చూడండి. మెయిన్ విండో దాగి ఉంది, ఏదో హెచ్చరిక పెట్టె పైకి వచ్చింది, మనిషి ఓకే నొక్కాడు. కనిపిస్తున్న చివరి విండో మూసుకుంది కాబట్టి ప్రోగ్రాం మొత్తం ముగిసిపోతుంది. సెట్‌క్విట్‌ఆన్‌లాస్ట్‌విండోక్లోజ్డ్‌ను ఫాల్స్ చేస్తేనే ఇది ఆగుతుంది. డబ్ల్యూపీఎఫ్‌లో లాగిన్ పెట్టె ముందు చూపించి, తర్వాత మెయిన్ విండో తెరిచే ప్రోగ్రాములకూ ఇదే దెబ్బ. లాగిన్ పెట్టె మూయగానే అదే చివరి విండో అనుకుని అప్లికేషన్ ముగింపు మొదలుపెడుతుంది. షట్‌డౌన్‌మోడ్‌ను ఆన్‌ఎక్స్‌ప్లిసిట్‌షట్‌డౌన్‌గా మార్చి, ముగించే బాధ్యత మనం తీసుకోవాలి.

డెల్ఫీలో మెయిన్ ఫారం మూస్తే ప్రోగ్రాం ముగుస్తుంది. అందుకని ఆన్‌క్లోజ్‌క్వెరీలో ప్రతిసారీ వద్దని చెప్పి, దాచేస్తుంటారు. ఇక్కడ ఒక్క మాట మరిచిపోకూడదు. విండోస్ షట్‌డౌన్ అయ్యేటప్పుడు కూడా మూసుకుంటావా అని అదే దారిలో అడుగుతుంది. దానికీ వద్దంటే షట్‌డౌన్‌కు అడ్డం పడినట్టే. కరెంటు పోయి, యూపీఎస్ కీచుమంటుంటే షాపతను కంప్యూటర్ ఆపడానికి తంటాలు పడుతుంటాడు, మన ప్రోగ్రాం మాత్రం నేను మూసుకోనంటుంది. విన్‌ఫారమ్స్‌లో ఫారంక్లోజింగ్ వచ్చినప్పుడు క్లోజ్‌రీజన్ చూడండి. మనిషి మూస్తే దాగండి, విండోస్ ఆగిపోతుంటే దారి ఇవ్వండి.

6. తిరిగి తెచ్చుకునే దారి లేకుండా దాచకండి.

దాచిన ప్రోగ్రాంకు గడియారం పక్కన చిన్న ఐకాను పెట్టడం విండోస్ 95 నాటి నుంచి ఉన్న పద్ధతే. ఆ ఐకాను ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకండి. విండోస్ 7 నుంచి కొత్త ఐకాన్లు పైకి చూపే బాణం గుర్తు వెనక దాగుతాయి. ఆ గుర్తు నొక్కాలని చాలామందికి తెలియదు. ఎక్స్‌ప్లోరర్ కూలిపోయి మళ్లీ లేస్తే ఐకాన్లన్నీ పోతాయి. అప్పుడు టాస్క్‌బార్‌క్రియేటెడ్ అనే మెసేజ్ వస్తుంది, అది విని మనమే మళ్లీ పెట్టాలి. లాగిన్ అయిన వెంటనే, టాస్క్‌బార్ ఇంకా సిద్ధం కాకముందు పెట్టబోతే విఫలం కావచ్చు, కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి. లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ 2017లో వచ్చిన 3.26 వెర్షన్‌లో పాత ట్రేనే తీసేసింది. క్యూటీలో ట్రే ఉందా అని అడిగే ఫంక్షన్ ఉంది, అడగండి. లేదని జవాబొస్తే కమాండ్ లైన్ ఏం చెప్పినా విండో చూపించాలి.

7. రెండో నొక్కుకు జవాబివ్వండి.

సార్, మీ సాఫ్ట్‌వేర్ ఓపెన్ కావట్లేదు, పది సార్లు నొక్కాను అని మందుల షాపు నుంచి ఫోను. వెళ్లి చూస్తే ప్రోగ్రాం చక్కగా నడుస్తోంది. పొద్దున్నుంచీ దాగి నడుస్తోంది. రెండో కాపీ నడవకూడదని మ్యూటెక్స్ పెట్టారు కాబట్టి, అతను నొక్కిన ప్రతిసారీ కొత్త కాపీ మొదలై, మొదటిదాన్ని చూసి నిశ్శబ్దంగా తప్పుకుంటోంది. ఇంట్లో మనిషి ఉండి కూడా తలుపు తీయకపోవడం లాంటిది ఇది. నాకు వచ్చిన ఫోన్లలో ఈ రకం ఎక్కువ.

రెండో కాపీ ఊరికే తప్పుకోకూడదు. నిన్ను పిలుస్తున్నారు, విండో చూపించు అని మొదటిదానికి కబురందించి తప్పుకోవాలి. రిజిస్టర్ చేసిన విండో మెసేజ్ అయినా, నేమ్డ్ పైప్ అయినా సరే. అయితే కబురు అందినా విండో వేరే విండోల వెనక తెరుచుకుని, టాస్క్‌బార్ బటన్ మాత్రం మిణుకుమిణుకుమంటూ ఉండవచ్చు. విండోస్ 98, విండోస్ 2000 నాటి నుంచి ఏ ప్రోగ్రాం పడితే ఆ ప్రోగ్రాం ముందుకు దూసుకురాకుండా కట్టుబాటు ఉంది, అది మంచిదే. మనిషి ఇప్పుడే నొక్కింది రెండో కాపీని కాబట్టి ముందుకు వచ్చే హక్కు దానికి ఉంటుంది. అది అలౌసెట్‌ఫోర్‌గ్రౌండ్‌విండో పిలిచి ఆ హక్కును మొదటి కాపీకి అప్పగించాలి, తర్వాతే కబురు పంపాలి. వరుస తారుమారైతే పని జరగదు.

ఒకే కంప్యూటర్‌లో ఇద్దరు యూజర్లు లాగిన్ అయి ఉండే చోట మ్యూటెక్స్ పేరు గ్లోబల్‌గా పెడితే, మొదటివారి కాపీని చూసి రెండోవారిది తప్పుకుంటుంది. సెషన్‌కు పరిమితమైన పేరు పెట్టండి.

8. షరతు ఎవరు చెప్పాలి?

మొదలుపెట్టేవాళ్లే చెప్పాలి. రిజిస్ట్రీలోని రన్ కీలో రాసే కమాండ్‌కు హిడెన్ లాంటి స్విచ్ ఒకటి తగిలించండి, డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌లో అది ఉండకూడదు. కంప్యూటర్ ఆన్ అయి ఎంతసేపైందో లెక్కగట్టి, ఇది ఆటోమేటిక్ స్టార్టేనని ఊహించే కోడ్ చూశాను. అలాంటి ఊహలు వద్దు. లాగిన్ అయిన వెంటనే ఆత్రంగా ఐకాన్ నొక్కే మనిషీ ఉంటాడు.

స్విచ్ ఉన్నా కొన్నిసార్లు దాన్ని కాదనాలి. ఇన్‌స్టాల్ అయ్యాక మొదటిసారి నడుస్తుంటే విండో చూపించండి, మనిషికి ఈ ప్రోగ్రాం ఉందని తెలియాలి. డేటాబేస్ అందకపోతే, బ్యాకప్ డిస్కు నిండిపోతే చూపించండి. బ్యాకప్ ఆగిపోయిన సంగతి డిస్కు పాడయ్యాక తెలిస్తే ఏం లాభం? ఈ నిర్ణయమంతా ఒకే ఫంక్షన్‌లో ఉండాలి. కమాండ్ లైన్, సెట్టింగు, మొదటి పరుగు, లోపాలు అన్నీ చూసి అవునో కాదో చెప్పే ఫంక్షన్. నాలుగు చోట్ల నాలుగు ఇఫ్‌లు పెడితే అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

సెట్టింగుల్లో ఈ ఎంపిక కనిపించేలా ఉంచండి. తనంతట తాను మొదలవ్వాలా వద్దా, మొదలైతే విండో రావాలా వద్దా, రెండూ విడివిడిగా. విండోస్ 8 నుంచి టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా ఉంది. అక్కడ మనిషి మన ప్రోగ్రాంను ఆపేస్తే, ఆ మాటను గౌరవించి ఊరుకోవాలి. మళ్లీ దొడ్డిదారిన చేరకూడదు. కంప్యూటర్ అతనిది. మనుషులు ఏం చేస్తున్నారో వాళ్లకు తెలియకుండా చూసే ప్రోగ్రాంకు విండో దాచిపెట్టమని అడిగితే నేను ఒప్పుకోలేదు, మీరూ ఒప్పుకోవద్దని నా మాట.

9. మనిషితో అసలు పనే లేకపోతే సర్వీసుగా రాయండి.

ఎవరూ లాగిన్ కాకపోయినా నడవాల్సింది డెస్క్‌టాప్ ప్రోగ్రాం కాదు. అయితే విస్టా నుంచి సర్వీసులు సెషన్ సున్నాలో విడిగా నడుస్తాయి, యూజర్ తెర మీద విండో గానీ ట్రే ఐకాను గానీ పెట్టలేవు. చూపించాల్సింది ఏదైనా ఉంటే దానికో చిన్న ప్రోగ్రాం విడిగా రాసి, రెండింటికీ మధ్య పైపు వేయాలి.

10. పరీక్షించేటప్పుడు మీ కంప్యూటర్‌ను నమ్మకండి.

డెవలపర్ యంత్రంలో అన్నీ వేగంగా లేస్తాయి, ట్రే ఐకాన్లన్నీ కనిపించేలా పెట్టుకుని ఉంటాం, విండో ఎక్కడుందో మనకు ముందే తెలుసు. కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి, నిదానంగా నడిచే పాత యంత్రంలో చూడండి. రీస్టార్ట్ చేసి, లాగిన్ అయిన వెంటనే నోట్‌ప్యాడ్ తెరిచి టైప్ చేస్తూ ఉండండి. ఒక్క అక్షరం కూడా పోకూడదు. టాస్క్ మేనేజర్ నుంచి ఎక్స్‌ప్లోరర్‌ను ఆపి మళ్లీ లేపి, ఐకాను తిరిగొచ్చిందో చూడండి. దాగి ఉండగా షార్ట్‌కట్ నొక్కి, విండో అన్నిటికంటే ముందుకు వచ్చిందో చూడండి. దాగి ఉండగానే షట్‌డౌన్ చేయండి. నెట్‌వర్క్ కేబుల్ పీకి మొదలుపెట్టండి. చివరగా ప్రోగ్రాంను అన్‌ఇన్‌స్టాల్ చేసి రన్ కీ తెరవండి, మీరు రాసిన లైను అక్కడ మిగిలి ఉండకూడదు.